పుట్టిన నెల లెడ్జర్‌లో ఉంది, పిల్లాడికే చెప్పలేదు: ఫ్రెడరిక్ డగ్లస్ బాల్యాన్ని ఎలా చదవాలి

అమెరికాలో బానిసగా పుట్టి, పారిపోయి, బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన ఆత్మకథ అచ్చేసినప్పుడు మొదటి పేజీలోనే చెప్పేశాడు, నా వయసెంతో నాకు సరిగ్గా తెలీదు, అది రాసిపెట్టిన కాగితం ఏదీ నేను చూడలేదు అని. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, టాల్బట్ కౌంటీ, టకహో అనే చోట పుట్టాడు, అంతవరకు తెలుసు. బానిసల్లో ఎవర్ని అడిగినా విత్తనాలు వేసేటప్పుడు పుట్టా, కోతలప్పుడు పుట్టా, చెర్రీలు కాసేటప్పుడు పుట్టా అనే చెప్పేవాళ్ళట. తెల్ల పిల్లలు మాత్రం వాళ్ళ వయసు టక్కున చెప్పేవాళ్ళు, నేనెందుకు చెప్పలేకపోతున్నానో అని చిన్నప్పుడే బాధపడ్డానని రాశాడు. పోనీ యజమానిని అడుగుదామా అంటే వీల్లేదు, బానిస పిల్లాడు అలాంటివి అడిగితే పొగరు కింద లెక్క.

ఇది చదివి, ఆ రోజుల్లో అంతేలే, మన తాతముత్తాతలకి మాత్రం డేట్ ఆఫ్ బర్త్ తెలుసా అనుకుని ముందుకెళ్ళిపోతాం. అక్కడే అసలు సంగతి జారిపోతుంది. ఎందుకంటే డగ్లస్ పుట్టిన నెల, సంవత్సరం రెండూ రాసే ఉన్నాయి. అతని యజమాని ఆరన్ ఆంథొనీ తన బానిసల లెక్కలు రాసుకునే లెడ్జర్‌లో హ్యారియెట్ కొడుకు ఫ్రెడరిక్ అగస్టస్, ఫిబ్రవరి 1818 అని ఎంట్రీ ఉంది. డిక్సన్ ప్రెస్టన్ అనే రచయిత డగ్లస్ చిన్నతనం మీద పరిశోధన చేసి దాన్ని బయటికి తెచ్చేసరికి 1980 వచ్చింది, అప్పటికి డగ్లస్ పోయి 85 ఏళ్ళు. ఇంకా బాధగా అనిపించేది ఏంటంటే, 1877లో డగ్లస్ దేశమంతా తెలిసిన నాయకుడు, రాజధాని వాషింగ్టన్‌కి యూఎస్ మార్షల్‌గా (కేంద్ర కోర్టుల ఆదేశాలు అమలుచేసే అధికారి) అపాయింట్ అయినవాడు, అలాంటి మనిషి మంచాన పడ్డ థామస్ ఆల్డ్‌ని (ఆంథొనీ అల్లుడు, ఆంథొనీ తర్వాత డగ్లస్‌కి యజమాని) చూడ్డానికి వెళ్ళి, అయ్యా నేనెప్పుడు పుట్టానో మీకేమైనా గుర్తుందా అని అడగాల్సొచ్చింది. ఫిబ్రవరి 1818 అనుకుంటా అన్నాడు ఆ ముసలాయన. నేననుకున్నదానికంటే ఏడాది చిన్నవాణ్ణన్నమాట అని డగ్లస్ తర్వాత రాసుకున్నాడు.

బానిస బాల్యం అనగానే మన కళ్ళు కొరడా మీదకి పోతాయి. కొరడా ఉంది, దాని సంగతి కూడా చెప్తాను. కానీ డగ్లస్ పుస్తకాలు మళ్ళీ మళ్ళీ చదివితే నాకు అర్థమైంది ఏంటంటే, ఒక మామూలు పసిపిల్లాణ్ణి బానిసగా తయారుచెయ్యడంలో ఎక్కువ పని చేసింది తెలియనివ్వకపోవడం. వయసు, తండ్రి, తల్లి, తోడబుట్టినవాళ్ళు, అక్షరాలు, ఇవన్నీ ఒక్కొక్కటిగా అందకుండా చేశారు. అలా చేసిన ప్రతిదాని వెనకా ఎవరికో ఒకరికి ఒక లాభం ఉంది.

ముందు చట్టం సంగతి తెలియాలి, అది లేకపోతే మిగతాదంతా ఏదో కొందరు చెడ్డ యజమానుల కథలాగా కనిపిస్తుంది. 1662లో వర్జీనియా కాలనీ ఒక చట్టం చేసింది, పుట్టిన బిడ్డ స్వతంత్రుడా బానిసా అన్నది తల్లి స్థితిని బట్టే ఉంటుందని. ఇంగ్లండ్ ఆచారంలో బిడ్డకి హోదా తండ్రి నుంచి వస్తుంది, ఇక్కడ దాన్ని తిరగేశారు. పోనుపోను బానిసత్వం ఉన్న రాష్ట్రాలన్నిట్లో ఇదే రూల్ అయింది. దీనివల్ల ఏమవుతుందో ఆలోచించండి, యజమాని తన దగ్గరున్న బానిస స్త్రీ మీద అఘాయిత్యం చేసి బిడ్డని కంటే ఆ బిడ్డ చట్టం దృష్టిలో అతని కొడుకు కాడు, అతని ఆస్తి. డగ్లస్ తండ్రి తెల్లవాడు, ఆ విషయం అందరూ ఒప్పుకునేవాళ్ళు, యజమానే తండ్రి అని గుసగుసలు కూడా ఉండేవి, కానీ అది నిజమో కాదో తెలుసుకునే దారి నాకు లేదు అంటాడు. అలాంటి పిల్లల్ని చూస్తే యజమాని భార్యకి ఒళ్ళు మండిపోయేదని, అందుకే వాళ్ళకి మిగతావాళ్ళకంటే ఎక్కువ దెబ్బలు, వాళ్ళనే ముందు అమ్మేసేవాళ్ళని కూడా రాశాడు. కన్న తండ్రే బిడ్డని బేరం పెట్టడం ఆ వ్యవస్థలో జరగగలిగిన పని, చట్టం ఆపదు.

దీనికి ఇంకో లెక్క తోడైంది. 1808 జనవరి 1 నుంచి ఆఫ్రికా నుంచి బానిసల్ని దిగుమతి చేసుకోవడం అమెరికాలో నిషేధం. కానీ దక్షిణాన పత్తి సాగు పెరుగుతూనే ఉంది, మనుషులు కావాలి, మరి ఎక్కడినుంచి వస్తారు? పుట్టే పిల్లల్లోంచే. 1790 జనాభా లెక్కల్లో దాదాపు 7 లక్షల మంది బానిసలుంటే 1860 నాటికి 39 లక్షలు దాటారు. మేరీలాండ్, వర్జీనియాల్లో పొగాకు భూములు నీరసించిపోయాయి, అక్కడి యజమానులకి మనుషుల్ని దక్షిణాది వ్యాపారులకి అమ్మడం పెద్ద ఆదాయం అయింది. డగ్లస్ పుట్టింది సరిగ్గా అలాంటి చోట. బాల్టిమోర్‌లో ఆస్టిన్ వుల్ఫోక్ అనే బానిసల వ్యాపారి ఏజెంట్లు ఊరూరా తిరుగుతుండేవాళ్ళని అతనే రాశాడు. ఇప్పుడు ఆ లెడ్జర్ ఎందుకుందో తెలుస్తోంది కదా, పిల్లాడి వయసు యజమానికి కావాలి, ధర కట్టడానికి, ఎప్పుడు పనిలో పెట్టాలో చూసుకోడానికి. పిల్లాడికి తెలిస్తే ఆయనకేం ఒరగదు.

ఇక తల్లి. హ్యారియెట్ బెయిలీని దాదాపు 12 మైళ్ళ దూరంలో ఇంకో రైతు పొలంలో పనికి పెట్టారు. పగలంతా పొలం పని, తెల్లారి సూర్యోదయానికి పొలంలో లేకపోతే కొరడా దెబ్బలు. ఆవిడ రాత్రిపూట అంత దూరం నడిచి వచ్చి, పిల్లాడి పక్కన పడుకుని, నిద్రపుచ్చి, వాడు లేచేసరికి వెళ్ళిపోయేది. మొత్తం మీద అమ్మని చూసింది నాలుగైదు సార్లే, అదీ రాత్రిపూటే, పగటి వెలుగులో అమ్మ ముఖం చూసిన గుర్తే లేదని 1845 పుస్తకంలో ఉంటుంది. అతనికి ఏడేళ్ళప్పుడు ఆవిడ చనిపోయింది. జబ్బుగా ఉన్నప్పుడు చూడనివ్వలేదు, పోయాక పాతిపెట్టేటప్పుడూ పోనివ్వలేదు, ఆ కబురు విన్నప్పుడు ఎవరో పరాయి మనిషి పోయినట్టే అనిపించింది అని రాశాడు. ఆ వాక్యం దగ్గర చాలామంది ఆగిపోతారు, కొడుకు ఇలా రాయడమేంటి అని. అతను దాచుకోకుండా రాయడానికి కారణం ఉంది, తల్లీబిడ్డల మధ్య ప్రేమ పుట్టకముందే విడదీస్తే ఏమవుతుందో తన మనసునే సాక్ష్యంగా చూపిస్తున్నాడు. మేరీలాండ్‌లో తాను పారిపోయి వచ్చిన ప్రాంతంలో బిడ్డకి ఏడాది నిండకముందే తల్లిని దూరంగా పంపేయడం మామూలు ఆచారమని కూడా చెప్తాడు.

అమ్మమ్మ బెట్సీ బెయిలీ దగ్గర పెరిగాడు. ఈ భాగం 1845 పుస్తకంలో పెద్దగా లేదు, పదేళ్ళ తర్వాత 1855లో రాసిన రెండో ఆత్మకథలో నిండుగా ఉంది, నాకు ఆ అధ్యాయాలంటే ప్రాణం. అమ్మమ్మ చేపల వలలు అల్లడంలో చెయ్యి తిరిగిన మనిషి, నదిలోకి దిగి తనే చేపలు పట్టేది, చిలగడదుంపల నారు చలికాలంలో చచ్చిపోకుండా కాపాడటం ఆవిడకి బాగా తెలుసు, చుట్టుపక్కల వాళ్ళు నాటడానికి ఆవిణ్ణే పిలిచేవాళ్ళు. ఆ గుడిసె తప్ప వేరే లోకం లేని పిల్లాడికి అసలు తాను బానిసనన్న సంగతే తెలీదు. పెద్ద దొర ఒకాయన ఉన్నాడని, ఈ గుడిసె కూడా ఆయనదేనని, పిల్లలు కాస్త ఎదగ్గానే ఆయన దగ్గరికి పంపేస్తారని మెల్లగా చెవిన పడుతుంటుంది. అందుకే ఎదగకూడదని కోరుకునేవాణ్ణి అంటాడు. ఏ పిల్లాడైనా ఎప్పుడెప్పుడు పెద్దవుతానా అని చూస్తాడు, ఈ పిల్లాడు పెరగకుండా ఉంటే బాగుణ్ణు అనుకున్నాడు.

ఆరేళ్ళప్పుడు ఒక రోజు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని 12 మైళ్ళు నడిపించి, అలిసిపోతే భుజాన ఎక్కించుకుని, కల్నల్ ఎడ్వర్డ్ లాయిడ్ గారి వై హౌస్ ప్లాంటేషన్‌కి (బానిసలతో సాగుచేయించే పెద్ద ఎస్టేట్) తీసుకెళ్ళింది. ఆంథొనీ అక్కడ లాయిడ్‌కి మేనేజర్ లాంటివాడు. అక్కడ పిల్లల గుంపుని చూపించి, వీడు మీ అన్న పెర్రీ, వీళ్ళు సారా, ఎలైజా, వెళ్ళి ఆడుకో అంది. రక్తం పంచుకుని పుట్టినవాళ్ళమే అయినా బానిసత్వం మమ్మల్ని ఒకరికొకరు ఎవరో తెలియనివాళ్ళని చేసింది అంటాడు డగ్లస్. గోడకి ఆనుకుని వాళ్ళ ఆట చూస్తుండగా ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి మీ అమ్మమ్మ వెళ్ళిపోయింది అని చెప్పింది. వీడు నేల మీద పడి ఏడుస్తుంటే అన్న పళ్ళు తెచ్చిచ్చి ఓదార్చబోతే విసిరికొట్టాడు. ఆవిడ చెప్పకుండా వెళ్ళడాన్ని మోసం అనుకోవడానికి లేదు, ఆవిడ కూడా అదే యజమాని ఆస్తి, మనవళ్ళని ఒక్కొక్కర్నీ తన చేత్తో తీసుకెళ్ళి అప్పగించడం ఆవిడ మీద పెట్టిన డ్యూటీ.

ప్లాంటేషన్లో తిండీబట్టా సంగతి చూస్తే లెక్కలు ఎంత గట్టిగా కట్టారో తెలుస్తుంది. పెద్దవాళ్ళకి నెలకి 8 పౌన్ల పంది మాంసం లేదా చేపలు, ఒక బుషెల్ (దాదాపు 35 లీటర్ల కొలత) మొక్కజొన్న పిండి. బట్టలకి ఏడాదికి మొత్తం ఖర్చు 7 డాలర్లు దాటదని డగ్లస్ లెక్కేశాడు. పొలం పనికి రాని పిల్లలకి చెప్పుల్లేవు, మేజోళ్ళు లేవు, ప్యాంటు లేదు, ఏడాదికి రెండు ముతక చొక్కాలు, అవి చిరిగిపోతే మళ్ళీ బట్టలిచ్చే రోజు దాకా ఒంటి మీద నూలుపోగు ఉండదు. ఏడు నుంచి పదేళ్ళ ఆడపిల్లలు, మగపిల్లలు చలికాలంలో కూడా అలాగే తిరిగేవాళ్ళు. మంచం, దుప్పటి లేవు, మిల్లుకి మొక్కజొన్న మోసే గోతాం ఒకటి దొంగిలించి అందులో తల దూర్చి, కాళ్ళు బయటపెట్టి మట్టినేల మీద పడుకునేవాడు. మంచుకి నా పాదాలు ఎంతగా పగిలాయంటే, ఇప్పుడు రాస్తున్న ఈ పెన్ను ఆ పగుళ్ళలో పెట్టొచ్చు అన్నాడు. పెద్దయ్యాక రాస్తున్న చెయ్యి, చిన్నప్పటి పాదం, రెండూ ఒకే వాక్యంలో. ఇంత బలమైన వాక్యం నేను ఆత్మకథల్లో చాలా తక్కువ చూశాను.

భోజనం అంటే ఉడకబెట్టిన మొక్కజొన్న పిండి సంకటి, పెద్ద చెక్క తొట్టిలో పోసి నేల మీద పెడతారు, పందుల్ని పిలిచినట్టే పిల్లల్ని పిలుస్తారు, ఆల్చిప్పలతో కొందరు, పెంకు ముక్కలతో కొందరు, ఉత్త చేతులతో కొందరు, చెంచా ఒక్కరికీ లేదు. ఎవడు వేగంగా తింటే వాడికి ఎక్కువ, ఎవడికి బలముంటే వాడికి మంచి చోటు. ఇది నిర్లక్ష్యం మాత్రమే అనుకోవద్దు, పిల్లలు ఒకరి మీద ఒకరు ఎగబడేలా పెట్టిన పద్ధతి.

కొరడా సంగతి చెప్తానన్నాను. ఒక తెల్లవారుజామున అరుపులకి నిద్రలేచి చూస్తే పిన్ని హెస్టర్‌ని ఆంథొనీ నడుం దాకా బట్టలు ఊడదీసి, చేతులు కట్టి, దూలానికున్న కొక్కేనికి వేలాడదీసి కొడుతున్నాడు. లాయిడ్ గారి బానిస నెడ్ అనే కుర్రాణ్ణి కలవొద్దంటే కలిసిందని ఆ శిక్ష. పిల్లాడు భయంతో అలమరలో దూరి, చాలాసేపటిదాకా బయటికి రాలేదు, తర్వాత వంతు నాదే అనుకున్నాడు. బానిసత్వం అనే నరకానికి రక్తం కారే ద్వారం అది, నేను దాటబోయే ద్వారం అని రాశాడు. ఈ సీన్ చాలా ఫేమస్, కానీ ఇందులో ఒక సంగతి గమనించాలి, అంతకుముందు అమ్మమ్మ గుడిసెలో ఉన్నందువల్ల అలాంటిది అతనెప్పుడూ చూడలేదు. దెబ్బ హెస్టర్ ఒంటి మీద పడినా పాఠం చూస్తున్న పిల్లల కోసం కూడా.

దయ చూపించిన వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించీ నిజాయితీగానే రాశాడు. ఆంథొనీ కూతురు లుక్రీషియా ఆకలేసినప్పుడు రొట్టె, వెన్న ఇచ్చేది, అందుకని బాగా ఆకలైతే ఆవిడ కిటికీ కింద నిలబడి పాడేవాడు. లాయిడ్ గారి చిన్నకొడుకు డేనియల్ తన కేకులు పంచేవాడు. దయ నిజమే, కాదనట్లేదు, కానీ అన్నం హక్కుగా రాని చోట అది ఎవరి మూడ్ బాగుంటే వాళ్ళ చేతిలోంచి రాలిపడేదే, రేపు ఆ మనిషి లేకపోతే లేదు.

1826లో, ఎనిమిదేళ్ళప్పుడు, అతన్ని బాల్టిమోర్‌కి పంపారు, లుక్రీషియా మరిది హ్యూ ఆల్డ్ ఇంటికి, వాళ్ళ చిన్నపిల్లాడు టామీని చూసుకోడానికి. వెళ్ళేముందు మూడు రోజులు ఏట్లో పాదాలు, మోకాళ్ళు రుద్దుకున్నాడు, మురికి వదిలితే ప్యాంటు ఇస్తామన్నారని. హ్యూ భార్య సోఫియా పెళ్ళికి ముందు నేతపని చేసుకుని బతికిన మనిషి, బానిసని ఎప్పుడూ ఏలింది లేదు, పిల్లాడికి ఏబీసీడీలు, చిన్న చిన్న మాటలు నేర్పింది. హ్యూ చూసి ఆపేశాడు. చదువు నేర్పితే వీడిక బానిసగా పనికిరాడు, మాట వినడు, వాడికీ సుఖం ఉండదు అని పిల్లాడి ఎదురుగానే భార్యకి క్లాస్ పీకాడు. పిల్లాడు మొత్తం విన్నాడు. తెల్లవాళ్ళు నల్లవాళ్ళని ఎలా అణిచి ఉంచగలుగుతున్నారు అన్నది అప్పటిదాకా అతనికి అంతుపట్టని చిక్కుముడి, దాని ముడి యజమానే విప్పేశాడు. ఆయన భార్య నేర్పిన అక్షరాలకి ఎంతో, ఆయన వద్దన్న మాటకీ దాదాపు అంతే అన్న అర్థంలో, ఇద్దరికీ రుణపడి ఉన్నాను అంటాడు డగ్లస్. ఆ తర్వాత సోఫియా మారిపోయింది, అతని చేతిలో పేపర్ కనిపిస్తే లాక్కునేది. ఇతరుల మీద అడ్డులేని అధికారం ఒక మంచి మనిషిని ఎలా పాడుచేస్తుందో ఆవిణ్ణి చూపించి వివరిస్తాడు.

తర్వాత ఎలా నేర్చుకున్నాడో చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఇంట్లో రొట్టెకి లోటు లేదు, వీధిలో పేద తెల్ల పిల్లలకి ఆకలి, రొట్టె ముక్క ఇచ్చి పాఠం చెప్పించుకునేవాడు. ఆ పిల్లల పేర్లు చెప్పాలనుంది కానీ చెప్తే వాళ్ళు ఇబ్బందిపడతారని రాయలేదు. షిప్‌యార్డ్‌లో వడ్రంగులు చెక్కల మీద అది ఓడలో ఏ వైపుకో గుర్తుగా ఎల్, ఎస్, ఎఫ్, ఏ అని రాస్తుంటే చూసి ఆ నాలుగు అక్షరాలు రాయడం నేర్చుకుని, కనిపించిన పిల్లాడితో నీకంటే బాగా రాస్తా అని పందెం కాసి, వాడు రాసింది చూసి మిగతావి నేర్చుకున్నాడు. కంచె, ఇటుక గోడ, రోడ్డు పక్క రాళ్ళు, ఇవే నోట్‌బుక్కులు, సుద్దముక్కే పెన్ను. 12 ఏళ్ళప్పుడు 50 సెంట్లు పెట్టి కొలంబియన్ ఆరేటర్ అనే ఉపన్యాసాల పుస్తకం కొన్నాడు, అందులో ఒక బానిస యజమానితో వాదించి గెలిచి విడుదలయ్యే సంభాషణ ఉంది. అది చదివాక సంతోషం రాలేదు, హ్యూ చెప్పినట్టే మనశ్శాంతి పోయింది, తెలివిలేని నా తోటి బానిసల్ని చూసి అసూయపడ్డాను అని కూడా రాశాడు. చదువు వచ్చింది జీవితం బాగుపడింది అని తేలిగ్గా రాసెయ్యకుండా ఇంత నిజం చెప్పడం వల్లే ఆ పుస్తకాన్ని నమ్ముతాను.

ఈ మధ్యలో 1826లో ఆంథొనీ చనిపోయాడు, వీలునామా లేదు, మరుసటి ఏడు పంపకాలు. బాల్టిమోర్ నుంచి పిల్లాణ్ణి వెనక్కి పిలిపించారు, ఎందుకంటే ఆస్తి మొత్తం ఒకచోట పెట్టి వెల కట్టాలి. మగాళ్ళు, ఆడాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు, గుర్రాలు, గొర్రెలు, పందులు అన్నీ ఒకే వరసలో. ఎవరు ఎవరి వాటాకి పోతారో అని అందరికీ గుండెదడ. ఆంథొనీ కొడుకు ఆండ్రూ తాగుబోతు, డగ్లస్ కళ్ళముందే అతని తమ్ముణ్ణి గొంతు పట్టి నేలకేసి కొట్టి, ముక్కులోంచి, చెవుల్లోంచి రక్తం వచ్చేదాకా బూటు మడమతో తొక్కి, ఇలా తిరిగి చూసి నీకూ ఏదో ఒకరోజు ఇదే అన్నట్టు మాట్లాడాడు. అదృష్టం కొద్దీ డగ్లస్ లుక్రీషియా భర్త థామస్ ఆల్డ్ వాటాకి వచ్చి మళ్ళీ బాల్టిమోర్ వెళ్ళాడు. బాల్టిమోర్‌కి కాక ఆండ్రూ చేతికి పోయి ఉంటే ఈ పుస్తకాలే ఉండేవి కావేమో.

ఇప్పుడు కొందరు అడిగే ప్రశ్న, ఎప్పుడో పసితనంలో జరిగింది, పెద్దయ్యాక ఉద్యమం కోసం రాసింది, ఎంతవరకు నమ్మాలి? న్యాయమైన ప్రశ్నే. 1845 పుస్తకం బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక సంఘం వాళ్ళే అచ్చేశారు, తెల్ల పాఠకులు నమ్మడానికి ఆ ఉద్యమంలోని తెల్ల నాయకులు గ్యారిసన్, వెండెల్ ఫిలిప్స్ ముందుమాటలు పెట్టారు. కానీ డగ్లస్ అసలు పేర్లు, ఊళ్ళు అన్నీ రాసేశాడు, అప్పటికింకా చట్టప్రకారం పారిపోయిన బానిసే, పట్టుబడే ప్రమాదం తెలిసే రాశాడు, అందుకే పుస్తకం రాగానే బ్రిటన్ వెళ్ళిపోవాల్సొచ్చింది. మేరీలాండ్‌లో అతన్ని ఎరిగిన థాంప్సన్ అనే ఆయన, ఫ్రెడ్ బెయిలీ (బానిసగా ఉన్నప్పటి డగ్లస్ పేరు) నాకు తెలుసు, చదువురాని బానిస, ఇలాంటి పుస్తకం రాసే శక్తి వాడికి లేదు అని పేపర్‌కి రాశాడు. డగ్లస్ థ్యాంక్స్ చెప్పాడు, నేను నిజంగా బానిసగా ఉన్నానని మీరే సాక్ష్యమిచ్చారు అని. తప్పులు ఉన్నచోట దిద్దుకున్నాడు కూడా, ముసలి అమ్మమ్మని అడవిలో గుడిసెలో ఒంటరిగా వదిలేశారని మొదట రాశాడు, ఆవిడ తన వాటాకి రాకపోయినా తీసుకొచ్చి చివరిదాకా చూసుకున్నానని థామస్ ఆల్డ్ 1877లో చెప్తే ఆ మాట తన చివరి ఆత్మకథలో ఉన్నదున్నట్టు రాశాడు.

ఇంకో విషయం, డగ్లస్ చెప్పేది మగపిల్లాడి బాల్యం. ఆడపిల్ల సంగతి తెలియాలంటే హ్యారియెట్ జేకబ్స్‌ని చదవాలి. నార్త్ కెరొలైనాలో ఈడెన్‌టన్ ఊళ్ళో 1813లో పుట్టింది, అమ్మానాన్నలతోనే పెరిగింది, ఆరేళ్ళొచ్చి తల్లి పోయేదాకా తాను బానిసనని తెలీదు. ఒకసారి తమ్ముణ్ణి నాన్న, యజమానురాలు ఒకేసారి పిలిచారు, ఎవరి మాట వినాలో తెలీక వాడు యజమానురాలి దగ్గరికే వెళ్ళాడు. నువ్వు నా బిడ్డవి, నేను పిలిస్తే నిప్పుల్లో నడిచైనా రావాలి అన్నాడు నాన్న. ఆ తండ్రి కోపం ఎవరి మీదో చదివేవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. చదువు నేర్పిన యజమానురాలు చచ్చిపోతూ ఈ పిల్లని స్వతంత్రురాల్ని చేస్తుందని అందరూ అనుకుంటే, విల్లులో తన తోడబుట్టిన ఆవిడ పసికూతురికి రాసేసింది. 15వ ఏడు వచ్చేసరికి ఆ పసిదాని తండ్రి, ఊళ్ళో పేరున్న డాక్టర్, చెవిలో నీచమైన మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకం 1861లో మారుపేరుతో వచ్చింది, చాలాకాలం పండితులు దాన్ని నవల అనుకున్నారు, 1980లలో జీన్ ఫేగన్ యెల్లిన్ ఉత్తరాలు, రికార్డులు తవ్వి ఆ మనుషులు, సంఘటనలు నిజమేనని తేల్చేదాకా. ఆడపిల్ల చెప్తే రుజువు అడిగే అలవాటు ఎంత పాతదో చూడండి.

మొదటిసారి చదివేవాళ్ళు 1845 పుస్తకంతో మొదలుపెట్టండి, చిన్నది, రెండు మూడు సిట్టింగుల్లో అయిపోతుంది. బాల్యం వివరంగా కావాలంటే 1855ది చదవాలి, అమ్మమ్మ వలలు, లుక్రీషియా కిటికీ అన్నీ అందులోవే, ఒకే సంఘటనని పదేళ్ళ తేడాతో ఎలా రాశాడో పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ తర్వాత జేకబ్స్. మూడూ కాపీరైట్ దాటిపోయినవే, ఇంగ్లీషులో నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి.